పట్టపగలు కాల్చిన మందు

నా మాట నమ్మవద్దని కర్నూలులో మా వీధిన పాలు పోసే ఆమె కూడా చెబుతుంది. తుంగభద్రకు వరద వచ్చిన ఏడాది మొసలి మీద కూర్చుని ఏరు దాటానని నేను చెప్పిన మాట నిజమే. అంటే, చెప్పడం నిజం. అందుకని ఈ ప్రయాణం గురించి రాసే ముందు మీతో ఒక ఒప్పందం. మొసలి కనిపించిన చోట నవ్వుకోండి. కనిపించని చోట నేను కల్పించింది ఏమీ లేదు. ఆ ఎండలో కల్పించే శక్తి నాకు లేకపోయింది.

కర్నూలు నుంచి కడపకు బస్సు ఉంది. మేము ఎద్దుల బండిలో పోయాము. మా పెట్టెలను చూసి కండక్టరు దండం పెట్టాడు కాబట్టి.

డేరాల ఊరు

రాజధాని మా ఊరికి వచ్చిన తరువాతి ఎండాకాలం అది. ఆఫీసులు డేరాల్లో ఉండేవి. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు సర్కసు అనుకుని టిక్కెట్టు ఎంతని నన్ను అడిగేవారు. పులులకు ఇంకా మేత రాలేదు, రేపు రండి అని పంపించేవాణ్ణి. ఇంటి అద్దెలు ఆకాశానికి పోయాయి. ఆకాశం నుంచి మాత్రం చుక్క దిగలేదు. వరుసగా వానలు తప్పి జొన్న చేలు గొడ్లు నాకడానికి కూడా మిగల్లేదు.

నాకు తోడు దస్తగిరి. అసలు ప్రయాణం అతనిదే, తోడు నేను. కర్నూలులో మందు దస్తగిరి అంటే పిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. సురేకారం, గంధకం, కంది కట్టె బొగ్గు కలిపి నూరి, జువ్వలు, చిచ్చుబుడ్లు, అవుట్లు చేసే ఇల్లు వాళ్ళది. గొట్టంలో నుంచి పైకి లేచి ఆకాశంలో పేలే కాగితపు గుండును మావైపు అవుటు అంటారు.

కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఒక ఊరిలో చెన్నరాయుని తిరునాళ్ళ జరుగుతుంది. సందెవేళ తేరు కదిలే ముందు మొదటి అవుటు కాల్చే హక్కు దస్తగిరి తాతల నాటి నుంచి ఆ ఇంటిది. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఒక్క ఏడు తప్పితే హక్కు పోయినట్టే. చెయ్యి విరిగిందన్నా, ఇంట్లో చావన్నా ఒప్పుకోరు.

"మా నాయనను మట్టిలో పెట్టి, ఆ చేతులు కడుక్కొని బండి కట్టినా సుబ్బన్నా," అన్నాడు దస్తగిరి. "ఇంగ మిగిలింది ఆ తిరునాళ్ళ ఒకటే. కరువని అన్ని ఊర్లోళ్ళూ మందు మానుకున్యారు. అది గూడా పోతే నేను మందు దస్తగిరి కాదు, వట్టి దస్తగిరి."

చలికాలమంతా కూర్చుని ఒక పెద్ద అవుటు చేశాడు. గుమ్మడికాయంత ఉంది. మొదట ఎర్రగా పూసి, అందులోంచి పచ్చగా పూసి, అందులోంచి తెల్లగా పూస్తుందట. మూడు పువ్వుల అవుటు అని పేరు పెట్టాడు. దాన్ని పాత దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు బండిలో గడ్డి మీద పెట్టాడు. నేను మాత్రం గడ్డి లేని చోట కూర్చున్నాను.

ఓర్వకల్లు రాళ్ళ కింద

దారిలో నాకు వచ్చిన మొదటి కష్టం బీడీ. బండికి కనుచూపు మేరలో నిప్పు వెలగకూడదని దస్తగిరి ఆంక్ష. బీడీ కావాలంటే దిగి, వెనక్కి నడిచి, కాల్చుకుని, మళ్ళీ పరుగెత్తి బండి అందుకోవాలి. ఆ ప్రయాణంలో నా బీడీల కోసం నడిచిన నడక కాశీ వైపు నడిచి ఉంటే ఈపాటికి పుణ్యం వచ్చేది.

ఓర్వకల్లు దగ్గర రాళ్ళ గుట్టలు ఏనుగుల మందలాగా నిలబడి ఉంటాయి. వాటి నీడలో ఒకామె ఉగ్గాని అమ్ముతూ ఉంది. బొరుగులు నానబెట్టడానికి నీళ్ళు చాలక ఆ రోజు ఉగ్గాని గొంతులో గరగరలాడింది.

"నీళ్ళు ఇంగ కొంచెం చల్లరాదా అక్కా?" అన్నాను.

"నీళ్ళు కావాలంటే అణా, ఉగ్గాని కావాలంటే అర్ధణా. ఏది కావాల చెప్పప్పా," అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

అక్కడే జపాను మాట వచ్చింది. యుద్ధం ముగిశాక మన పటాలాలు కొన్ని జపానుకు పోయాయి. వాటిలో ఒకదానికి బియ్యం, పప్పులు తూచి ఇచ్చే పనిలో నేను ఉన్నాను. ఇది మొసలి కాదు. పడమటి జపానులో మత్సుయే అనే ఊరు, సముద్రమంత చెరువు ఒడ్డున ఉంది. వేసవిలో అక్కడ ఊరికొక తిరునాళ్ళ. చెరువు మీద మందు కాలుస్తారు. చచ్చిపోయిన పెద్దలు ఆ రోజుల్లో ఇంటికి వచ్చి పోతారని వాళ్ళ నమ్మకం. పోయేటప్పుడు దారి కనపడాలని కాగితపు దీపాలు నీళ్ళ మీద వదులుతారు. మనం పెద్దల అమావాస్యకు బియ్యం ఇచ్చి పంపుతాము, వాళ్ళు దీపం ఇచ్చి పంపుతారు. అంతే తేడా. నా పక్కన ఒక ముసలామె దీపం వదిలి, అది పోయిన వైపే చూస్తూ, నా చేతిలో ఒక పుచ్చకాయ ముక్క పెట్టింది. నేను ఎవరినో ఆమెకు తెలియదు. తినమని సైగ చేసింది.

"మందు ఎట్లా కాలుస్తారు? అది చెప్పు," అన్నాడు దస్తగిరి. ముసలామె అతనికి అక్కర లేదు.

"రాత్రి కాలుస్తారు. కొన్ని చోట్ల పగలు కూడా కాలుస్తారు."

దస్తగిరి చేతిలో ఉగ్గాని ఆగిపోయింది. "పగలా?"

"పగలే. ఎండలో. మంట కనపడదు, రంగు పొగ కనపడుతుంది. జనం పొగను చూసి మెచ్చుకుంటారు."

"అక్కా, విన్యావా?" అని ఉగ్గాని ఆమెను పిలిచాడు. "పట్టపగలు అవుటు కాలుస్తారంట! మొసలి మీద ఏరు దాటినా అంటే నేను సరే అన్నా. ఇది మాత్రం నమ్మను. పగలు మందు కాల్చేటోడు యాడన్నా ఉంటాడా? కొత్త చీర కట్టుకొని మొబ్బు చీకట్లో కూచున్నట్ల!"

"ఇంకొకటి విను. పువ్వు విచ్చుకోగానే జనమంతా దాన్ని చేసిన ఇంటి పేరు పెట్టి కేకలు వేస్తారు."

"సామి పేరు కాదా?"

"చేసినవాడి పేరు."

అతను చెయ్యి దులుపుకుని లేచాడు. బండి కట్టాడు. చాలా దూరం పోయాక, ఎద్దులతో చెప్పినట్టుగా అన్నాడు:

"అది గూడా అబద్ధమేలే."

నంద్యాల పొలిమేర

నంద్యాల దాటుతుండగా ఒక పోలీసు మా బండి ఆపాడు.

"ఏముండాది లోపల?"

"మందు సామీ," అన్నాడు దస్తగిరి. "తిరునాళ్ళ మందు."

"బండి మీద రాసినారా? ఎవడన్నా బీడీ కాల్చుకుంటా వచ్చి ఆనుకుంటే?"

ఆ ఎవడన్నా అనేవాడు అప్పుడే బీడీ పారేసి వచ్చి అతని పక్కన నిలబడి ఉన్నాడు.

రాసేదాకా కదలనివ్వనన్నాడు. పక్కన ఒక ఇంటికి సున్నం కొడుతున్నారు. అడిగి కొంచెం తెచ్చాను. బండి గూడు చాప మీద 'మందు' అని రాశాను. నా చేతిరాత పెద్దది. తరువాత 'నిప్పు దూరం' అని రాయబోతే సున్నం అయిపోయింది. ఇంకొంచెం అడిగితే, ఉన్న సున్నానికే నీళ్ళు చాలక గోడ సగంలో ఆపామన్నారు.

"ఇది చాలులే. మందు అంటే తెలీదా జనానికి?" అన్నాడు పోలీసు.

ఆ మాట నేను తరువాత చాలాసార్లు తలుచుకున్నాను.

కదలని తేరు

ఆళ్ళగడ్డ దాటాక దారి పక్కనే కాలువ వస్తుంది. నీళ్ళు వదిలే రోజుల్లో దాని గట్టు మీద నడిస్తే కాళ్ళకు చల్లగా తగిలేది. ఇప్పుడు దాని అడుగున మేకలు నడుస్తున్నాయి.

ఒక ఊరిలో ఆ రోజే తిరునాళ్ళ. కొన్ని జువ్వలైనా కొంటారేమోనని ఆగాము. తేరును గుడి ముందుకు తెచ్చి, తాడు కట్టి, పసుపు పూసి పెట్టారు. లాగడానికి జనం లేరు. ఉన్నవాళ్ళు పది అడుగులు లాగి, కూర్చుండిపోయారు. పూజారి తేరు చక్రానికి టెంకాయ కొట్టి, తిరునాళ్ళ అయిపోయిందని చెప్పాడు. దేవుడు తేరు మీదనే ఉన్నాడు.

అక్కడ మాకు సంగటి పెట్టిన ముసలాయన పేరు నేను అడగలేదు. ముద్ద నిమ్మకాయంత ఉంది. ఊరిబిండి పచ్చడిలో వేరుసెనగలు లేవు, ఉప్పూ మిరపకాయే.

"జువ్వలా?" అని దస్తగిరి వైపు చూశాడు. "మా మనవడు అడుగుతాండె. పోయిన నెల్లో పోయినాడు. గత్తరతో."

కలరాను మావైపు గత్తర అంటారు.

"ముందర ఊర్లల్లో శానా ఉండాది. బండి ఆపొద్దండి. నీళ్ళు తాగొద్దండి," అన్నాడు. సంగటి పెట్టిన ముంత బోర్లించి కూర్చున్నాడు.

మందు బండి

ఆ ఊరి పేరు రాయను. పేరు రాస్తే అక్కడివాళ్ళను ఎవరైనా తప్పు పడతారు, తప్పు వాళ్ళది కాదు.

ముసలాయన మాట ప్రకారం ఆగకుండా పోదామనే అనుకున్నాము. మిట్టమధ్యాహ్నం. వీధి ఖాళీగా ఉంది. కుక్క కూడా మొరగలేదు. ఊరు సగం దాటాక ఒకాయన తెల్ల చొక్కా వేసుకుని ఎదురుగా వస్తూ బండి వైపు చూశాడు. చూసి, రెండు చేతులూ పైకెత్తాడు.

"వచ్చిందీ! మందు బండి వచ్చిందీ!" అని కేక వేశాడు.

అతని పేరు దావీదు. ఊరికి కిందివైపు ఉన్న వాడలో, చర్చిలో వాక్యం చదివే ఉపదేశి. ఆ ఊరిలో అప్పటికి నిలబడి చదవగలిగినవాడు అతనొక్కడే. గత్తర వచ్చిందని నడిచి పట్నం ఆసుపత్రికి పోయి చెప్పాడట. మందు బండి వస్తుంది పో అన్నారట. అప్పటి నుంచి రోజూ దారిలో నిలబడుతున్నాడు.

తలుపులు తెరుచుకున్నాయి. జనం పరుగెత్తి రాలేదు. గోడలు పట్టుకుని వచ్చారు. చేతుల్లో గ్లాసులు, చిప్పలు. ఒకామె అందరికంటే ముందు వచ్చి బండి చక్రం పట్టుకుంది. ఓబులమ్మ అని పిలిచాడు దావీదు. భర్త ఇంట్లో పడి ఉన్నాడు.

"నాయనా, ముందు నాకీ. ఆయనకు కండ్లు లోపలికి పోయినాయి. ముందు నాకీ."

దస్తగిరి నా వైపు చూశాడు. మాటలు నా పని కదా. నేను చాప మీది నా రాతనే చూస్తున్నాను. అతనే దుప్పటి తీసి చూపించాడు.

ఓబులమ్మ ఆ మూడు పువ్వుల అవుటు వైపు, చుట్టూ పేర్చిన చిన్న గుండ్ల వైపు చూసింది.

"ఇంతేసి మాత్రలా సాయిబూ?" అంది. "ఎట్లా మింగుతాడప్పా? నీళ్ళు గూడా దిగడం ల్యా."

"అది ఆ మందు కాదమ్మా," అన్నాడు దస్తగిరి. "కాల్చే మందు. తిరునాళ్ళది."

దావీదు చాప మీద నా రాతను మళ్ళీ చదివాడు. ఇంకేమైనా రాసి ఉందేమోనని బండి చుట్టూ తిరిగి చూశాడు.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గ్లాసులు పట్టుకున్న చేతులు కిందికి దిగాయి, అంతే.

అప్పుడు అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన అన్నాడు: "మా నాయన కాలంలో గత్తర వస్తే వీధుల్లో మందు కాల్చినారంట. ఆ పొగకు గాలి మారతాదంట. సాయిబూ, కాలుస్తావా?"

"లేదు పెద్దాయనా. ఇది పెన్న తిరునాళ్ళకు పోవాల. మొదటి అవుటు మాది. ఈ ఏడు తప్పితే ఇంగ మాకు లేదు."

"అట్లనా," అన్నాడు పెద్దాయన. "హక్కు అంటే హక్కే. పోయిరా నాయనా."

బండి కదిలింది. చివరి ఇల్లు దాటాము. దస్తగిరి పగ్గాలు వదిలేసి, ఎద్దులు ఆగేదాకా ఊరుకున్నాడు.

"పొగకు గత్తర పోతాదా సుబ్బన్నా?"

"పోదు," అన్నాను.

"నువ్వు నిజం చెప్పేది ఈ పొద్దేనా? యాలప్పా, ఈ పొద్దు ఒక అబద్ధం చెప్పరాదా?"

బండి వెనక్కి తిప్పాడు.

సందెదాకా ఆగుదామా అని అడిగాను. ఓబులమ్మ భర్త సందెదాకా ఆగడని దావీదు చెప్పాడు. ఇనప గొట్టం వీధిలో పాతాము. చిచ్చుబుడ్లు అరుగుల మీద వరుసగా పెట్టాము. ఎండలో వాటి నిప్పు కనపడలేదు, బుస్సుమనే చప్పుడు మాత్రం వినిపించింది. జువ్వలు లేచిన జాడ లేదు. చిన్న అవుట్లు పైన ఎక్కడో పేలాయి. ఆకాశం తెల్లగా కాలిన పెనంలాగా ఉంది, దాని మీద ఏ రంగూ నిలవలేదు. గంధకం వాసన, పొగ. జనం ఆ పొగలో నిలబడి, గుడిలో హారతి తీసుకున్నట్టు చేతులతో ముఖానికి పూసుకున్నారు.

మూడు పువ్వుల అవుటు మిగిలింది. దస్తగిరి దాన్ని మళ్ళీ దుప్పట్లో చుట్టాడు. అది ఒక్కటి చాలు. పెన్న ఒడ్డున కాల్చవలసింది ఒక్కటే కదా.

ఓబులమ్మ అక్కడే ఉంది.

"మా వాడకు పొగ రాలేదు సాయిబూ," అంది. "గాలి ఆపక్కకు పోదు."

గాలి నిజంగానే ఆ వైపు పోవడం లేదు. ఆమె ఇంకేమీ అడగలేదు. వాడ వైపు నడిచిపోయింది. దావీదు కూడా అడగలేదు, మర్యాదగా నేల చూస్తూ నిలబడ్డాడు.

దస్తగిరి గొట్టం పీకి భుజాన వేసుకున్నాడు. "బిడ్డను నువ్వు ఎత్తుకో," అన్నాడు నాతో. అవుటును నేను ఎత్తుకుని అతని వెనకాల కింది వాడకు నడిచాను. అంత బరువు ఉంటుందని అనుకోలేదు.

వాడ మధ్యలో, చర్చి గుడిసె ముందు గొట్టం పాతాడు. వత్తికి నిప్పు పెట్టి వెనక్కి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అవుటు లేచింది. నేల అదిరింది. తల ఎత్తి చూశాను. తెల్లటి ఆకాశంలో ఒక మురికి మచ్చ.

"ఇప్పుడు ఎరుపు," అన్నాడు దస్తగిరి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని. మళ్ళీ పేలింది. "ఇప్పుడు పచ్చ. చూడు, పచ్చ." మూడోసారి పేలింది. "తెలుపు."

నాకు ఏదీ కనపడలేదు. అతనికి కనపడిందని నేను నమ్ముతాను.

పొగ నెమ్మదిగా ఇళ్ళ మీదికి దిగింది. కొంతసేపటికి ఓబులమ్మ గుడిసెలోంచి బయటికి వచ్చింది. ఏడవడం లేదు.

"ఉరుము అనుకున్యాడు," అంది. "కండ్లు తెరిసి, వాన వస్తాందా అని అడిగినాడు. వస్తాందని చెప్పినా. శానా వస్తాందా అన్యాడు. వంకలు పారతాండాయని చెప్పినా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట మీద పోయినాడు సాయిబూ."

నేను అబద్ధాలతో బతికినవాణ్ణి. ఆ గుమ్మం ముందు నేను తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం మేము ఊరు దాటుతున్నప్పుడు కింది వాడలో మరో ఇంట్లోంచి ఏడుపు వినిపించింది. పొగ అప్పటికే పోయింది. గాలి మారలేదు. దావీదు చాలా దూరం మా వెంట వచ్చి, ఆగి, బండి మీది సున్నపు రాతను తన చొక్కా అంచుతో తుడిచేశాడు.

"వేరే ఊర్లల్లో గూడా సదివేటోళ్ళు ఉంటారు కదన్నా," అన్నాడు.

పెన్న ఇసుక

పెన్నలో నీళ్ళు లేవు. ఇసుకలో చెలమలు తవ్వి, ముంతతో తోడుకుంటున్నారు. అయినా జనం వచ్చారు. ఇన్ని ఊర్లలో తిరునాళ్ళలు ఆగిపోతే, ఆగని ఒక్కదానికి అందరూ వస్తారు. నన్నారి షరబత్తు అమ్ముతున్నారు, గాజులు అమ్ముతున్నారు. ముళ్ళ కంపల మీద ఎండిన కలేకాయలను దోసెడు అణాకు ఇచ్చారు. నోట్లో వేసుకుంటే పులుపు కూడా చచ్చిపోయి ఉంది.

దస్తగిరి ఖాళీ చేతులతో ధర్మకర్త ముందు నిలబడ్డాడు. ఆయన మంచి మనిషే. దారిలో జరిగింది మొత్తం విన్నాడు. చెప్పింది నేనే. ఒక్క మొసలి కూడా కలపకుండా చెప్పాను. మధ్యలో ఆయన దస్తగిరిని అడిగాడు:

"పగలు కాల్చినావా? పట్టపగలు?"

"అవును సామీ."

ఆయన నా వైపు చూసిన చూపులో నమ్మకం లేదు. నా పేరు కడప దాకా వచ్చిందని అప్పుడే తెలిసింది.

"నిజమే అయినా, కట్టుబాటు నేను పెట్టింది కాదప్పా," అన్నాడు. "నువ్వు తేకపోతే కాల్చేదానికి ఎందుకైనా మంచిదని ఆరణి పక్క నుంచి ఒకాయనను పిలిపించినాం. ఇంగ ఆయనదే."

సందెవేళ తేరు ముందు గొట్టం పాతారు. కొత్తాయన పిల్లవయసు వాడు. వత్తి రెండుసార్లు ఆరిపోయింది. దస్తగిరి గుంపులో నా పక్కనే నిలబడి, "వత్తి తేమ పట్టింది. వంచు, వంచి పెట్టు," అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. మూడోసారి అంటుకుంది.

అవుటు లేచి పేలింది. ఒక్కటే పువ్వు. ఎర్రది. బాగానే ఉంది. పెన్న ఇసుకంతా ఒక్క క్షణం కుంకుమ చల్లినట్టయింది.

"గోవిందా! గోవింద!" అంది జనం.

నేను ఎందుకు అరిచానో తెలియదు. మత్సుయే చెరువు ఒడ్డున జనం అరిచినట్టు, గొంతు చిరిగేలాగా అరిచాను:

"దస్తగిరీ!"

చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. నా ముందున్న రైతు ఒకాయన బిడ్డను భుజాన ఎక్కించుకుని ఉన్నాడు. అతను అడిగాడు:

"ఎవరప్పా దస్తగిరి? యాడుండాడు?"

నేను నోరు తెరిచేలోపల దస్తగిరి జవాబు చెప్పాడు. ఇంకా ఆకాశం వైపే చూస్తూ ఉన్నాడు. ఎరుపు అప్పటికే ఆరిపోయింది.

"ఎవరోనప్పా," అన్నాడు. "నాకు తెలీదు. ఈయన శానా అబద్ధాలు చెప్తాడు."